గింజ చూసి కాఫీ రుచి పసిగట్టడం ఎలా

మా అవ్వకి పొద్దున ఉగ్గాని లేకపోయినా ఓకే గానీ కాఫీ లేకపోతే ఇల్లు పీకి పందిరేస్తుంది. రెండేళ్ల కింద నేను కాస్త గొప్పకి పోయి ఆన్‌లైన్లో ఒక ఖరీదైన ప్యాకెట్ తెప్పించా, పావుకిలో, దానిమీద లైట్ రోస్ట్ (అంటే తక్కువగా వేపింది), నారింజ తొక్క, మల్లెపూల వాసనలు అని ఏవేవో రాసి ఉన్నాయి. మిక్సీలో గింజలు కొట్టి, క్యాన్ నీళ్లు మరిగించి ఫిల్టర్లో డికాషన్ దింపి, పాలు చక్కెర వేసి ఇచ్చా. ఒక్క గుక్క తాగి గ్లాసు కింద పెట్టేసి "ఏందిరా ఇది, పాలు ఇరిగినాయా?" అనింది. పాలు విరగలేదు, గింజ కూడా చెడిపోయింది కాదు. అది పాల కాఫీకి పుట్టిన గింజే కాదు, ఆ సంగతి నాకు తెలీదు, అంతే.

అప్పట్నుంచి మొదలుపెట్టి నేను తెలుసుకున్నది ఇక్కడ వరుసగా చెప్తా. మనం రుచి మొత్తం కలిపే చేతిలో ఉంటుందనుకుంటాం గానీ, గింజ అంగడికి వచ్చేసరికే సగం కథ అయిపోయి ఉంటుంది. ఆ సగం కథ గింజ మీదే కనిపిస్తుంది కూడా, ఎక్కడ చూడాలో తెలిస్తే చాలు.

మొదటి పని, పొడి కొనడం ఆపి గింజలు కొనండి. అనంతపురంలో గానీ కర్నూలు, కడపలో గానీ పాత బజారు వైపు కాఫీ గింజలు అక్కడికక్కడే పొడి కొట్టిచ్చే అంగడి ఒకటైనా ఉంటుంది, వాసన పట్టుకుని పోతే దొరుకుతుంది. అక్కడ మూడు రకాలు వంద వంద గ్రాములు అడగండి: అరబికా ప్లాంటేషన్ ఒకటి, రోబస్టా చెర్రీ ఒకటి, పీబెర్రీ ఒకటి, ఈ పేర్లకి అర్థాలు కింద చెప్తా. చికోరీ (కాఫీలో కలిపే వేరు పొడి) వద్దు, పొడి కొట్టొద్దు అని ముందే చెప్పండి. నేను అడిగినప్పుడు అంగడాయన "గింజలే కావల్లా? ఇంట్లో మిషన్ ఉందా నీకి?" అని నా మొహం వైపు అదోలా చూశాడు, మీ వైపు కూడా చూస్తాడు, పర్లేదు. అక్కడే ఇంకో రెండు ప్రశ్నలు వేసేయండి. ఇది ఏ ఊరి సరుకు, వేపి ఎన్ని రోజులైంది. మొదటిదానికి "చిక్కమగళూరు" అని టక్కున చెప్తారు, రెండోదానికి కాస్త నసిగితే మాత్రం అనుమానించాల్సిందే.

ఇంటికి తెచ్చాక ఒక తెల్ల ప్లేట్లో మూడూ వేరు వేరుగా పోసి వెలుతురులో చూడండి. అరబికా గింజ కొంచెం పొడుగ్గా, కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది, మధ్యలో గీత వంకర తిరిగి పాకినట్టుంటుంది. రోబస్టా గుండ్రంగా బొద్దుగా ఉండి గీత దాదాపు నిటారుగా పోతుంది. ఇంత చిన్న తేడానా అనిపిస్తుంది గానీ పది గింజలు పక్కపక్కన పెడితే చిన్నపిల్లలు కూడా వేరు చేసేస్తారు, మా వాడు చేశాడు. ఈ రెండూ ఒకే మొక్కలో రకాలు కావు, అసలు జాతులే వేరు. రోబస్టాలో కెఫీన్ అరబికాకి దాదాపు రెట్టింపు, వందకి రెండు పాళ్ల పైన ఉంటుంది, అరబికాలో 1.2 అటూ ఇటూ. కెఫీన్ చేదు, పురుగు దగ్గరికి రాకుండా మొక్క పెట్టుకున్న మందు అది. రోబస్టా కింద కొండల్లో, వేడిలో కూడా తట్టుకుని బతుకుతుంది. అరబికాలో చక్కెరలు, నూనె ఎక్కువ, అందుకే వాసన, తీపి, పండు లాంటి పులుపు దాన్నుంచే వస్తాయి. దీన్నిబట్టి రోబస్టా అంటే చీప్ సరుకు అని కొట్టిపారేయకండి. పాలు పోసినా గొంతు వినిపించే కాఫీ కావాలంటే పిడికెడు రోబస్టా పడాల్సిందే, కడిగి జాగ్రత్తగా ఆరబెట్టిన మంచి రోబస్టాని మన దేశం నుంచి కాపీ రాయల్ అనే పేరుతో విదేశాలకి పంపిస్తున్నారు కూడా.

పీబెర్రీ గురించి ఒక మాట, ఎందుకంటే అంగళ్లలో దీనిమీద బిల్డప్ ఎక్కువ. కాఫీ పండులో మామూలుగా రెండు గింజలు వీపు బయటికి పెట్టి అతుక్కుని ఉంటాయి, అందుకే ఒక్కో గింజకి ఒకవైపు చదునుగా ఉంటుంది. కొన్ని పండ్లలో ఒక్కటే గింజ పెరిగి గుండ్రంగా బఠాణీలా అవుతుంది, అదే పీబెర్రీ. మన చెనిక్కాయల్లో ఒంటి గింజ కాయలు రావూ, అలాగే అనుకోండి. పంటలో వందకి ఐదు నుంచి పది దాకా వస్తాయి, వాటిని వేరు చేయడానికి పనుంది కాబట్టి రేటు ఎక్కువ. గుండ్రంగా దొర్లుతుంది కాబట్టి సమంగా వేగుతుంది, అది నిజం. అంతకుమించి డబుల్ స్ట్రాంగ్ అనేదంతా ఉత్తిదే. అలాగే ప్లాంటేషన్ ఏ, బీ, సీ అని అడుగుతుంటారు చూడండి, అవి మార్కులు కావు, జల్లెడ సైజులు. మన వైపు మిల్లుల్లో చెనిక్కాయ విత్తనాలు జల్లెడ పట్టి కౌంట్ కట్టినట్టే. ఏ అంటే పెద్ద గింజ, అంతే, రుచికి గ్యారంటీ కాదు. కాకపోతే అన్నీ ఒకే సైజు ఉంటే ఒకేలా వేగుతాయి, ఆ లాభం మాత్రం ఉంది.

ఇక ఊరి సంగతి. మన జిల్లాలో కాఫీ ఎందుకు పండదు అని ఆలోచిస్తే రుచి ఎక్కడ్నుంచి వస్తుందో సగం అర్థమైపోతుంది. అనంతపురంలో ఏడాదికి వాన సుమారు 550 మిల్లీమీటర్లు, ఎత్తు మూడొందల యాభై మీటర్లు అటూ ఇటూ, ఎండ సంగతి చెప్పక్కర్లేదు. కాఫీకి దీనికి రెండు మూడింతల వాన కావాలి, నెత్తిన చెట్ల నీడ కావాలి, రాత్రి చలి కావాలి. కొండ మీద చల్లగా ఉంటే పండు నిదానంగా మాగుతుంది, నిదానంగా మాగిన గింజ గట్టిగా, బరువుగా, చక్కెరలు పులుపులు బాగా పట్టి ఉంటుంది. కింద వేడిలో తొందరగా పండింది గుల్లగా, చప్పగా తయారవుతుంది. అందుకే అరబికా అమ్మేవాళ్లు ఎత్తు గురించి అంత గొప్పగా చెప్పుకుంటారు, మంచి ప్యాకెట్ అయితే ఎన్ని మీటర్లో రాసి ఉంటుంది, చూసుకోండి.

మన రాష్ట్రంలోనే అరకు, పాడేరు, చింతపల్లి వైపు వెయ్యి మీటర్లు అటూ ఇటూ ఎత్తులో గిరిజన రైతులు సిల్వర్ ఓక్ నీడలో అరబికా పండిస్తారు, ఆ చెట్లకే మిరియాల తీగలు పాకిస్తారు. 2019లో అరకు వ్యాలీ అరబికాకి జీఐ గుర్తింపు (ఆ ప్రాంతం సరుకుకే ఆ పేరు చెల్లుతుందనే గుర్తింపు) వచ్చింది, దాంతోపాటే కూర్గ్ అరబికా, చిక్కమగళూరు అరబికా, బాబాబుడన్‌గిరి అరబికా, వయనాడ్ రోబస్టాకి కూడా. బాబాబుడన్‌గిరి అంటే 17వ శతాబ్దంలో బాబా బుడన్ యెమెన్ నుంచి ఏడు గింజలు దాచి తెచ్చి నాటాడని చెప్పుకునే కొండ. మనకి బెంగళూరు దగ్గర కాబట్టి అంగళ్లలో ఎక్కువ కర్ణాటక సరుకే ఉంటుంది, అరకు కావాలంటే జీసీసీ (గిరిజన సహకార సంస్థ) ప్యాకెట్ చూడండి, వాళ్లు గిరిజన రైతుల దగ్గర కొని అమ్ముతారు.

కొన్ని ప్యాకెట్ల మీద ఎస్.795, సెలెక్షన్ 9, చంద్రగిరి అని రాసి ఉంటుంది. మనకి చెనిక్కాయల్లో కదిరి 6, కదిరి లేపాక్షి ఉన్నట్టు అవి కాఫీలో రకాలు. చంద్రగిరి అంటే తిరుపతి పక్కన కోట ఉన్న ఊరు అనుకునేరు, అది కర్ణాటకలో బాలెహొన్నూరు కాఫీ పరిశోధన కేంద్రం 2007లో విడుదల చేసిన రకం. పాల కాఫీ తాగే మనకి ఈ రకం గొడవ అంత ముఖ్యం కాదు, ముందుకి పోదాం.

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన కిటుకు. వేపిన గింజ ఒకటి తీసుకుని మధ్య గీతలోకి చూడండి. గీతలో పొర తెల్లగా, లేత పసుపుగా మెరుస్తుంటే అది కడిగి ఆరబెట్టిన గింజ. గీత కూడా గింజ రంగులోనే నల్లగా కలిసిపోయుంటే అది పండుతో సహా ఎండబెట్టింది. అంగడి భాషలో మొదటిది ప్లాంటేషన్ లేదా పార్చ్‌మెంట్, రెండోది చెర్రీ. మరీ మాడ్చి వేపితే ఈ తేడా కనబడదు, అది వేరే సంగతి. కడిగే పద్ధతిలో పండు తొక్క ఒలిచేసి, గింజకి అంటుకున్న జిగురుని తొట్లలో ఒక రోజు ఒకటిన్నర రోజు పులియబెట్టి, కడిగి ఆరబోస్తారు. దాని రుచి శుభ్రంగా, తేటగా, పులుపు స్పష్టంగా ఉంటుంది. చెర్రీ అంటే మనం కల్లంలో ఎండు మిరపకాయలు పరిచినట్టు పండ్లని పండ్లుగానే పరిచి రెండు మూడు వారాలు ఎండబెట్టేది, గింజ ఆ గుజ్జులోనే ఉండి ఎండుతుంది కాబట్టి కాఫీ చిక్కగా, తీపిగా, బాగా చేస్తే ఎండు ఖర్జూరం లాంటి వాసనతో ఉంటుంది. సరిగ్గా చేయకపోతే మాత్రం పులిసిన కంపే. రోజూ తిరగేయకుండా కుప్పగా వదిలేస్తే ఏమవుతుందో, కోతప్పుడు వానకి తడిసిన చెనిక్కాయ వామి విప్పినప్పుడు వచ్చే ముక్క వాసన తెలిసినవాళ్లకి నేను చెప్పక్కర్లేదు. కాబట్టి డబ్బులిచ్చే ముందు గింజలు గుప్పిట్లో పట్టి ఊది వాసన చూడండి, గోనెసంచి వాసన, బూజు వాసన వస్తే వద్దని చెప్పేయండి. ఎంత చక్కెర వేసినా అది పోదు. మాన్‌సూన్డ్ మలబార్ అని ఒకటుంది, పడమటి సముద్రం ఒడ్డున గోడౌన్లలో వానాకాలం గాలికి గింజల్ని కావాలనే ఉబ్బబెడతారు, పులుపు మొత్తం పోయి మెత్తగా మట్టివాసనగా తయారవుతుంది. పులుపు అస్సలు పడనివాళ్లకి అది బాగుంటుంది.

వేపడం దగ్గర కాస్త ఆగి మాట్లాడుకోవాలి, ఎందుకంటే నా లెక్కలో పాల కాఫీకి అన్నిటికంటే ముఖ్యం ఇదే. మన ఇళ్లలో చెనిక్కాయ విత్తనాలు వేపని ఆడవాళ్లు, మగవాళ్లు ఉండరు కదా. పచ్చి వాసన పోయేదాకా ఒక దశ, కమ్మటి వాసన ఒక దశ, ఒక్క నిమిషం ఫోన్ చూస్తే నల్ల మచ్చలు పడి చేదు. కాఫీ కూడా అచ్చం ఇదే. నేను ఒకసారి వంద గ్రాముల పచ్చి గింజలు తెప్పించి అవ్వ దోసెల ఇనుప పెనం మీద వేపి చూశా. పచ్చి గింజ బూడిద కలిసిన పచ్చరంగులో ఉంటుంది, కాఫీ వాసనే రాదు. ముందు పసుపు తిరుగుతుంది, ఎండు గడ్డి కాలిన వాసన, తర్వాత రొట్టె కాలిన వాసన, పొట్టు ఊడి వంటిల్లంతా ఎగురుతుంది, ఫ్యాను ఆపండి ముందే. ఇంకాస్తకి గింజలు పేలాలు పేలినట్టు చిటపటమంటాయి, అది మొదటి చిట్లు, గింజ లోపల 196 డిగ్రీల దగ్గర వస్తుంది. అక్కడ దించేస్తే లైట్ రోస్ట్, గింజలో పుట్టిన పులుపు అంతా అలాగే ఉంటుంది. ఇంకా వేపితే పులుపు విరిగి చక్కెరలు మాడి చాక్లెట్ లాంటి చేదుతీపి వస్తుంది, ఇది మీడియం. 224 దగ్గర రెండోసారి చిన్నగా, తొందర తొందరగా చిటచిటలాడుతుంది, అది దాటితే డార్క్, గింజ మీద నూనె మెరుస్తుంది, అక్కడ్నుంచి ఏ ఊరి గింజైనా ఒకే రుచి, బొగ్గు రుచి. నా వంద గ్రాములు వేగాక ఎనభై నాలుగు తేలాయి, నీళ్లు, పొట్టు పోయాయి. సగం గింజలు మాడి సగం పచ్చిగా ఉన్నాయి, పెనం మీద అంతే, అవ్వ మూడు రోజులు పెనం ముట్టుకోనీలేదు.

ఇందులో పనికొచ్చేది ఏంటంటే, ఫిల్టర్ డికాషన్‌కి పాలు కలిపి తాగేవాళ్లు మీడియం దాటి డార్క్‌కి ఇవతల ఆగినదాన్ని అడగండి. గింజ ముదురు చాక్లెట్ రంగులో ఉండాలి, పైన నూనె అక్కడక్కడ చుక్కలుంటే పర్లేదు, జిడ్డు కారుతుంటే వద్దు. నల్లగా ఉంటే స్ట్రాంగ్ అనుకుంటారు చాలామంది, వేపినంత మాత్రాన కెఫీన్ పెరగదు, చేదు పెరుగుతుంది, అంతే. ఇంక వేపిన తేదీ. వేపిన వెంటనే గింజలో కార్బన్ డయాక్సైడ్ నిండి ఉంటుంది, నాలుగైదు రోజులు ఊరుకోనిస్తే రుచి కుదురుతుంది, నెల దాటితే వాసన దిగిపోతుంది. పొడి అయితే గాలి తగిలే చోటు ఎక్కువ కాబట్టి వారం పది రోజులకే చప్పబడుతుంది. మన ఎండాకాలంలో ఇంకా తొందరగా. పొయ్యి పక్కన అరలో కాకుండా చల్లటి చోట బిగుతు మూత స్టీలు డబ్బాలో పెట్టండి, ఫ్రిజ్‌లో పెట్టి రోజూ తీసి మూత తెరిచారంటే చెమ్మ పట్టి అల్లం వెల్లుల్లి వాసన కూడా పట్టుద్ది.

చికోరీ చెట్టు గింజ కాదు, ఒక మొక్క వేరు, ఎక్కువ గుజరాత్ జామ్‌నగర్ వైపు పండిస్తారు, ముక్కలు చేసి వేపి పొడి చేస్తారు. కెఫీన్ ఉండదు, రంగు, చిక్కదనం, కాస్త మాడిన బెల్లం లాంటి తీపి ఇస్తుంది. చట్టం ప్రకారం మిశ్రమంలో 49 శాతం దాకా ఉండొచ్చు, ఎంతుందో ప్యాకెట్ మీద వేయాలి. ఇంట్లో ఉన్న పొడిలో ఉందో లేదో చూడాలంటే గ్లాసు చల్లటి నీళ్లమీద చిటికెడు పొడి చల్లండి, కదిలించొద్దు. కాఫీ పైన తేలుతుంది, చికోరీ ఎర్రగా తోకలు వదులుకుంటూ అడుక్కి దిగిపోతుంది. ప్యూర్ అని కొన్న పొడిలో నేను ఒకసారి ఆ తోకలు చూశా, ఆ అంగడికి మళ్లీ పోలేదు. చికోరీ వేయడం తప్పేం కాదు, నాకు ఇష్టమే, కాఫీ రేటుకి చికోరీ అమ్మడం తప్పు.

నీళ్లు ఎవరూ పట్టించుకోరు గానీ మన వైపు ఇదే పెద్ద గొడవ. బోరు నీళ్లలో బైకార్బొనేట్లు ఎక్కువ, పాత్రకి తెల్ల పొర కట్టేది వాటివల్లే, అవి కాఫీలో పులుపుని చంపేస్తాయి, ఎంత మంచి అరబికా అయినా సుద్ద కలిపినట్టు చప్పగా అవుతుంది. ఆర్వో క్యాన్ నీళ్లలో ఖనిజాలు మరీ తక్కువ, అడ్డేమీ లేక పులుపు సూదిలా గుచ్చుతుంది. నా నారింజ తొక్క కాఫీ కథ ఇక్కడే తెలిసింది నాకు: లైట్ రోస్ట్ గింజ గట్టిగా ఉండి త్వరగా దిగదు, ఫిల్టర్లో నీళ్లు చల్లారిపోయేసరికి పులుపు ఒక్కటే దిగి తీపి గింజలోనే ఉండిపోయింది, దానికి తోడు క్యాన్ నీళ్లు. టీడీఎస్, అంటే నీళ్లలో కరిగిన ఖనిజాల లెక్క, 150 చుట్టుపక్కల ఉంటే కాఫీకి బాగుంటుంది. నేనైతే ఆర్వో నీళ్లు మూడు గ్లాసులకి మరిగించి తేర్చిన బోరు నీళ్లు ఒక గ్లాసు కలుపుతా, మీ బోరుని బట్టి పాళ్లు మారతాయి, చిన్న టీడీఎస్ మీటర్ ఒకటి కొనుక్కుంటే ఊహించే పని ఉండదు.

ఇక రుచి చూడటం. మూడు రకాలూ బొంబాయి రవ్వంత బరకగా విడివిడిగా కొట్టి, మూడు గాజు గ్లాసుల్లో ఒక్కోదాంట్లో ఎనిమిది గ్రాములు వేయండి, మరిగి నిమిషం ఆగిన నీళ్లు 150 మిల్లీలీటర్లు పోయండి. పాలు లేవు, చక్కెర లేదు. నాలుగు నిమిషాలకి పైన పొడి అట్టు కడుతుంది, స్పూనుతో దాన్ని పగలగొడుతూ ముక్కు గ్లాసులో పెట్టినంత పని చేసి వాసన పీల్చండి, ఆ ఒక్క క్షణంలో తెలిసేంత తర్వాత తెలీదు. నురగ తీసేసి, కాస్త చల్లారాక స్పూనుతో రసం జుర్రినట్టు శబ్దం చేస్తూ జుర్రండి, నాలుక మొత్తం తగలాలి. నాలుక అంచుల్లో నీరూరితే పులుపు, అది ఉసిరికాయ తిని నీళ్లు తాగినట్టు చివర్లో తీపి వదిలితే మంచి పులుపు, పళ్లు పులిస్తే చెడ్డది. నోట్లో నీళ్లలా ఉందా మజ్జిగలా ఉందా చూడండి, రోబస్టా ఇక్కడ గెలుస్తుంది. మింగిన రెండు నిమిషాల తర్వాత నోట్లో ఏం మిగిలింది, బెల్లమా, బూడిదా? పూర్తిగా చల్లారాక మళ్లీ ఒక స్పూను తాగండి, వేడి దాచిపెట్టిన లోపాలన్నీ అప్పుడు బయటపడతాయి.

తర్వాత రెండు మూడు గ్లాసులూ వేర్వేరు పాళ్లలో ఒకదాంట్లో ఒకటి పోసి, దానికి కాచిన పాలు కలిపి చూడండి. పాలలో ప్రోటీన్ కాఫీలో వగరుని పట్టేసుకుంటుంది, ఉత్తదిగా తాగినప్పుడు మొరటుగా అనిపించిన గింజ పాలతో పద్ధతిగా మారిపోతుంది, ఉత్తదిగా అద్భుతం అనిపించింది పాలలో పోయి కనబడకుండా పోతుంది. మీకు నచ్చిన పాళ్లు కాగితం మీద రాసుకుని అంగడికి పోండి, ఆయనే కలిపి ఫిల్టర్ పొడి కొట్టిస్తాడు.

మా ఇంట్లో చివరికి ప్లాంటేషన్ ఏ అరవై, రోబస్టా ముప్పై, చికోరీ పది దగ్గర కుదిరింది, చికోరీ లేకుండా ఒక వారం నడిపి చూశా గానీ అవ్వ ఒప్పుకోలేదు, "కాఫీకి రంగే లేదు" అనింది. లైట్ రోస్ట్ మీద మోజు నాకింకా పోలేదు, అప్పుడప్పుడు వంద గ్రాములు తెప్పించుకుని సాయంత్రం పాలు లేకుండా వడగట్టుకుని తాగుతా. అవ్వ దాన్ని ఇప్పటికీ ఇరిగిన పాల కాఫీ అనే అంటుంది.